‘లేదు’ అన్న జవాబు ఎంతసేపుండాలి

ద్వారకా నగర్‌లోని ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రం వాళ్ళు ఈమధ్య నన్ను పిలిచి, ఈ రంగంలోకి కొత్తగా వెళుతున్న పిల్లలకు నాలుగు మాటలు చెప్పమన్నారు. వెళ్ళాను. మైకు ముందు నిలబడ్డాను. ఉద్యోగమంతా ఒక గదిలో తెర ముందు కూర్చుని చేసినదాన్ని. అంతమంది మొహాలు ఒకేసారి నావైపు చూడటం నాకు అలవాటు లేదు. ఏదో చెప్పి దిగిపోయాను. ఇంటికొచ్చాక, చెప్పలేకపోయింది రాసి ఇవ్వొచ్చు కదా అనిపించింది.

నా పేరు షమీమ్. పాత పోస్టాఫీసు వెనక సందులో మా నాన్నకు ట్రంకుపెట్టెలు, తాళాలు బాగుచేసే దుకాణం ఉండేది. ఇల్లు దుకాణం పైనే. నాన్న పోయాక కింద దుకాణం ఇంకెవరో నడుపుతున్నారు, పైన నేనుంటున్నాను. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు కూడా ఇప్పుడెవరూ మిగల్లేదు.

పని ఏమిటంటే

మీరు ఫోనులో ఒక వెబ్‌సైటు పేరు కొడతారు. ఆ పేరు ఏ కంప్యూటరుదో ఫోనుకు తెలియదు. అది తన ఫోను కంపెనీ సర్వరును అడుగుతుంది. ఆ సర్వరుకూ తెలియకపోతే అది బయటికి వెళ్ళి ఒకరి తర్వాత ఒకరిని అడుగుతూ, చివరికి ఆ పేరు బాధ్యత ఎవరిదో వాళ్ళ దగ్గరకు చేరుతుంది. అలా చివర కూర్చుని జవాబు చెప్పే సర్వరు నేను పనిచేసిన కంపెనీది. ఊళ్ళోని షిప్పింగ్ ఏజెంట్లు, పరవాడ వైపు మందుల కంపెనీలు, నర్సింగ్ హోములు, కోచింగ్ సెంటర్లు, ఇలా చాలామంది పేర్లు మా దగ్గర ఉండేవి.

ఒక సంస్థకు చెందిన పేర్లన్నీ కలిపి ఒక జోను. ప్రతి జోనుకూ మొదట్లో ఒక రికార్డు ఉండి తీరాలి. దాన్ని ఎస్‌ఓఏ అంటాం. ఈ జోను మీద అధికారం ఎవరిదో చెప్పేది అదే. అందులో అసలు సర్వరు పేరుంటుంది, బాధ్యత వహించే మనిషి మెయిల్ అడ్రసు ఉంటుంది, మార్పు జరిగినప్పుడల్లా పెరగాల్సిన సీరియల్ నంబరు ఉంటుంది. నకలు పెట్టుకున్న రెండో సర్వరు ఎప్పుడెప్పుడు వచ్చి చూసుకోవాలో, అసలు సర్వరు పలక్కపోతే ఎన్నాళ్ళు ఓపికపట్టాలో చెప్పే గడువులుంటాయి. అన్నిటికీ ఆఖర్న ఇంకొక అంకె ఉంటుంది. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఈ రికార్డులను తయారుచేసే ప్రోగ్రాము నేను రాశాను, ఉద్యోగం చేసినన్నాళ్ళూ దాన్నే కనిపెట్టుకుని ఉన్నాను. బాగా నడిచినప్పుడు ఎవరికీ కనిపించని పని ఇది. పేరు కొడితే పేజీ తెరుచుకుంటుంది, ఎందుకు తెరుచుకుందని ఎవరూ ఆలోచించరు. అన్ని జోన్లలోనూ బాధ్యుల చోట నా మెయిల్ అడ్రసే ఉండేది. ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా రాయొచ్చు. ప్రకటనలు తప్ప ఏమీ వచ్చేవి కావు. మొదట్లో రోజూ పొద్దున్నే ఆ పెట్టె తెరిచి చూసేదాన్ని. తర్వాత మానేశాను. మీరు ఈ పనిలోకి వస్తుంటే ఇది ముందే తెలుసుకోండి. మెచ్చుకునేవాళ్ళ కోసం చేసే పని కాదిది.

సన్యాసిరావు గారు

మా యజమాని సన్యాసిరావు గారిది చీపురుపల్లి దగ్గర వ్యవసాయం చేసుకునే కుటుంబం. ఊళ్ళో ఎవరికీ ఇంటర్నెట్ అంటే ఏమిటో తెలియని రోజుల్లో ధైర్యం చేసి ఈ వ్యాపారం పెట్టారు. పెద్ద గొంతు, మంచి మనసు. కస్టమర్ ఎవరైనా నామీద కేక వేస్తే ఫోను నా చేతిలోంచి తీసుకుని తానే మాట్లాడేవారు. ఒకటే లోపం. నడుస్తున్నదాన్ని ముట్టుకోవటం ఆయనకు ఇష్టముండేది కాదు. ముట్టుకోవాల్సి వస్తే ఎంత తక్కువ వీలైతే అంతే ముట్టుకునేవారు.

నేను చేరిన కొత్తలో రికార్డులన్నీ చేత్తోనే మార్చేవాళ్ళం. ఒకసారి ఒక షిప్పింగ్ ఏజెంటు మెయిల్ సర్వరు మార్చుకున్నాడు. నేను సెలవులో ఉంటే సన్యాసిరావు గారే కూర్చుని కొత్త అడ్రసు ఎక్కించారు. సీరియల్ నంబరు పెంచలేదు. హైదరాబాదులో ఉన్న మా రెండో సర్వరు వచ్చి చూసుకుంది. నంబరు అదే ఉంది కాబట్టి ఏమీ మారలేదనుకుని, తన దగ్గరున్న పాత నకలుతోనే జవాబులు చెబుతూ పోయింది. దాంతో మెయిళ్ళు కొన్ని కొత్త చోటికి వెళ్ళాయి, కొన్ని ఎవరూ తెరవని పాత కంప్యూటరులో పడ్డాయి. మంచినీళ్ళ పడవ పంపమని రాసిన ఓడ ఒకటి రేవు బయట లంగరు వేసుకుని, నీళ్ళ కోసం ఎదురుచూస్తూ ఉండిపోయింది.

నేను వచ్చాక సంగతి చెబితే ఆయన నమ్మలేదు.

“ఒక్క అంకె మార్చలేదని ఓడ ఆగిపోద్దేటమ్మా?” అన్నారు.

“ఆగింది సార్,” అన్నాను.

ఆ వారమే నేను ప్రోగ్రాము రాయటం మొదలుపెట్టాను. ఏ మార్పు చేసినా నంబరు దానంతటదే పెరగాలి, మనిషి చెయ్యి దాన్ని తాకకూడదు. రెండో సర్వరులో కూడా అదే నంబరు కనిపించేదాకా పని పూర్తయిందని చెప్పకూడదు. ఆ రెండో నియమం ఎందుకు పెట్టావని ఆయన విసుక్కున్నారు. ఆ ఓడ సంగతే మళ్ళీ చెప్పాను.

ఆఖరి అంకె

ఎవరైనా మా సర్వరును ఒక పేరు అడిగితే, ఆ పేరు మా దగ్గర లేకపోతే, లేదని చెబుతాం. ఆ లేదన్న జవాబును అడిగినవాళ్ళు కొంతసేపు గుర్తుపెట్టుకుంటారు. ఆ కాసేపట్లో అదే పేరు మళ్ళీ ఎవరడిగినా మా దాకా రారు, వాళ్ళే లేదని చెప్పి పంపేస్తారు. ఎంతసేపు గుర్తుపెట్టుకోవాలో చెప్పేది ఎస్‌ఓఏలోని ఆ ఆఖరి అంకె. మా జోన్లన్నిటిలోనూ అది ఒక రోజు.

దానికో కథ ఉంది. పాత రోజుల్లో ఆ అంకెకు అర్థం వేరు. ఉన్న రికార్డులను ఎంతసేపు దాచుకోవచ్చో చెప్పేది, దానికి ఒక రోజు సబబే. తర్వాత ఇంటర్నెట్ నియమాలు రాసేవాళ్ళు దాని అర్థం మార్చారు. అర్థం మారింది గానీ అంకె అలాగే ఉండిపోయింది. ఒక పాత ఫైలు నుంచి ఇంకో ఫైలుకు, అక్కణ్ణించి నా ప్రోగ్రాములోకి వచ్చి కూర్చుంది. తగ్గిద్దామని ఒకసారి అన్నాను.

“లేదన్నది లేదే కదమ్మా,” అన్నారు సన్యాసిరావు గారు. “మళ్ళీ మళ్ళీ అడిగించుకోడం దేనికి? సర్వరుకి బరువు. నడుస్తన్నాది, ముట్టుకోకు.”

ఆ రోజుల్లో మా లైన్లు సన్నవి, ఆయన మాటలోనూ న్యాయం ఉంది. ఊరుకున్నాను.

జాలరిపేట

కొన్నేళ్ళ కిందట ఒక తుఫాను మన ఊరివైపు వస్తూ వస్తూ ఒడిశా వైపు తిరిగిపోయింది. మనకు గాలి, వాన, ఎగిరిన రేకులు. సముద్రం మీదున్న మరబోట్లు మాత్రం చెల్లాచెదురయ్యాయి. ఎవరికి దగ్గరున్న రేవుకు వాళ్ళు పరిగెత్తారు. కొందరు కాకినాడ, కొందరు గోపాల్‌పూర్, ఇంకొందరు పారాదీప్. ఏ బోటు ఎక్కడ చేరిందో ఇళ్ళల్లో తెలియటం లేదు.

బోటు యజమానుల సంఘానికి మా దగ్గర ఒక జోను ఉండేది. వాళ్ళ కార్యదర్శి నూకరాజు గారు సన్యాసిరావు గారికి ఫోను చేశారు. అన్ని రేవులకూ ఫోన్లు చేసి కనుక్కుంటున్నామని, చేరిన బోట్ల జాబితా ఒక పేజీలో పెడతామని, దానికి ఒక కొత్త పేరు కావాలని అడిగారు. ‘బోట్లు’ అనే పేరు అనుకున్నాం. పేజీ తయారుచేసే కుర్రవాళ్ళు దాన్ని ఏ కంప్యూటరులో పెట్టారో చెబితే గానీ నేను ఆ పేరు జోనులో ఎక్కించలేను. వాళ్ళు చెప్పేసరికి మధ్యాహ్నమైంది. వెంటనే ఎక్కించాను. ఆఫీసులో తెరిచి చూస్తే చక్కగా వచ్చింది.

కానీ నూకరాజు గారు పొద్దున్నే ఆ పేరును వాట్సాప్‌లో అందరికీ గొంతు రికార్డు చేసి పంపేశారు. ఆదుర్దా ఆయనది. జాలరిపేటలో ప్రతి ఇల్లూ పొద్దున్నుంచీ ఆ పేరు కొడుతూనే ఉంది.

మధ్యాహ్నం తర్వాత ఆయన మళ్ళీ ఫోను చేశారు. “ఎవలికీ రావట్నేదు సార్. అందరూ నామీద పడిపోతన్నారు.”

“మాకిక్కడ వస్తన్నాదండీ. మీవోళ్ళ ఫోన్లలో తేడా ఏటో,” అన్నారు సన్యాసిరావు గారు.

నాకు అనుమానం తగిలింది గానీ ఇక్కడ కూర్చుంటే తెలియదు. అన్నేళ్ళ ఉద్యోగంలో మా సర్వరును అడిగే మనుషులెవరో నేనెప్పుడూ కళ్ళతో చూడలేదు. “నేను వెళ్ళి చూసొస్తాను సార్,” అని ఆటో ఎక్కాను.

జాలరిపేటలో ఒడ్డు మీదకు లాగిన తెప్పల దగ్గర ఆడవాళ్ళు గుంపులుగా నిలబడి ఉన్నారు. సిగ్నలు బాగా అందేది అక్కడేనట. అందరి చేతుల్లో ఫోన్లు. గాలికి ఇసుక లేచి కాళ్ళకు కొడుతోంది. ఆ గుంపులో నాకు తెలిసిన మొహం ఒకటి కనిపించింది. పైడమ్మ. మా సందులో చేపలమ్ముతుంది. గంప దించి మా మెట్ల మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, రెండు మాటలు మాట్లాడి వెళుతుంది. మా సందులో నన్ను పేరుపెట్టి పిలిచేది ఆవిడొక్కతే.

“షమీమమ్మా, నువ్వేటిలాగొచ్చినావు?” అంది.

“మీ ఫోన్లు చూద్దామని. మీవాళ్ళు కూడా వేటకెళ్ళారా?”

“మా ఆయన ఎల్నాడు. ఎర్రయ్య.” ఫోను నా చేతిలో పెట్టింది. “ఇదుగో, ఏటో ఇంగిలీసులో రాసుంది. పక్కింటి కోడలు సదివి, దొరకనేదంట అని సెప్పింది. దొరకనేదంటే ఏటమ్మా? బోటు దొరకనేదనా?”

వెనక ఇంటి అరుగు మీద ఒక ముసలామె గుండెలు బాదుకుంటోంది. ఎర్రయ్య తల్లి అని తర్వాత తెలిసింది. ఇంకా రెండు మూడు ఇళ్ళల్లోనూ ఏడుపు వినబడుతోంది. ఆ తెర మీద మాటలను అక్కడ అందరూ ఒకేలా అర్థం చేసుకున్నారు.

“పైడమ్మా, అది బోటు గురించి చెప్పటం లేదు. ఆ పేరున్న పేజీ దొరకలేదంటోంది.”

“పేజీయే దొరక్కపోతే బోటెక్కడ దొరుకుద్ది?”

నాకు సంగతి అర్థమైపోయింది. పొద్దున్న వీళ్ళు అడిగినప్పుడు ఆ పేరు మా దగ్గర లేదు. మా సర్వరు లేదంది, ఆ మాట ఒక రోజు గుర్తుపెట్టుకోమంది. వాళ్ళ ఫోను కంపెనీ సర్వరు అలాగే గుర్తుపెట్టుకుంది. ఒడ్డున సిగ్నలు అందేది ఒక్క కంపెనీదే, అందరి సిమ్ములూ అవే. మధ్యాహ్నం నేను పేరు ఎక్కించానని దానికి తెలియదు. మమ్మల్ని మళ్ళీ అడిగితే కదా తెలిసేది. ఆఫీసులో మేము మధ్యాహ్నం దాకా ఆ పేరు అడగలేదు కాబట్టి అక్కడ వచ్చింది.

ఒడ్డు

నాది అప్పటికి బటన్ల ఫోను. సన్యాసిరావు గారికి ఫోను చేసి, ఆఫీసులో పేజీ తెరిచి జాబితా చదవమన్నాను. ఆయన చదువుతుంటే నేను గట్టిగా అరిచి చెప్పసాగాను. వెంటనే అందరూ నన్ను చుట్టేశారు. మాదేది మాదేది అని ఒకరి మీద ఒకరు పడుతున్నారు. నలుగురైదుగురికి తమ బోటు పేరు వినబడింది. పైడమ్మ తోసుకురాలేదు. తన వంతు కోసం పక్కన నిలబడి ఉంది. అంతలో లైను తెగిపోయింది.

ఇది ఒకరికొకరు చదివి వినిపించే పని కాదు. ఇటువంటి వీధులు ఇంకా చాలా ఉన్నాయి. మళ్ళీ ఫోను చేశాను.

“సార్, ఆ పేరు ఇవాళ్టికి చెడిపోయింది. కొత్త పేరు పెట్టాలి. ఇంతవరకూ ఎవరూ అడగని పేరు.”

“రేపటికల్లా అదే బాగైపోద్ది కదమ్మా. ఒక్క రోజు.”

“ఒక్క రోజని నేను చెప్పలేను సార్. మీరొచ్చి చెప్పండి వీళ్ళకి.”

నా చుట్టూ ఉన్న గోల ఆయనకు వినబడుతూనే ఉండి ఉంటుంది.

“సెప్పు. ఏటి కొట్టాలి?”

ఆయన ఆ ప్రోగ్రాము ముందు కూర్చుని చాలా కాలమైంది. రెండు వేళ్ళతో ఒక్కొక్క అక్షరమే కొట్టేవారు. ఏం పేరు పెడదామని పక్కనున్నవాళ్ళను అడిగాను. ఎవరో పెద్దావిడ “ఒడ్డు అని ఎట్టండి,” అంది. చిన్న పేరు, నోటితో చెప్పొచ్చు.

“ఓ, డీ, డీ, యూ. పాత పేరుకున్న అడ్రసే దీనికీ ఇవ్వండి సార్. సీరియల్ నంబరు అదే పెరుగుతుంది, మీరు ముట్టుకోకండి.”

“ముట్టుకోన్లే.”

“ఆఖరి అంకె మార్చండి. రోజు తీసేసి అయిదు నిమిషాలు పెట్టండి.”

ఈసారి ఆయన వాదించలేదు. “పెట్టీసినాను,” అన్నారు.

“ఇప్పుడు హైదరాబాదు సర్వర్ని అడగండి. నంబరు ఎంతంటోంది?”

“పాతదే చూపిస్తన్నాది.”

“అయితే ఆగండి.”

పిల్లలూ, ఇక్కడ జాగ్రత్తగా చదవండి. ఆ క్షణాన మా సర్వరులో కొత్త పేరుంది, హైదరాబాదులో లేదు. ఒడ్డున ఒక్కరు తొందరపడి ఆ పేరు కొట్టి, ఆ ప్రశ్న ఖర్మకాలి హైదరాబాదు చేరితే, అది పాత లెక్కన లేదంటుంది, ఒక రోజు గుర్తుపెట్టుకోమంటుంది. ఒక్క కంపెనీ సిమ్ములు కాబట్టి ఆ ఒక్క ‘లేదు’ అందరికీ అంటుకుంటుంది. ఈ పేరూ పాడైపోతుంది.

“ఎవరూ ఇప్పుడు కొట్టొద్దు. నేను చెప్పేదాకా ఆగండి. ముందు అడిగితే లేదంటుంది, ఆ మాటే పట్టుకుని కూర్చుంటుంది,” అని అరిచాను.

అంతమంది ఫోన్లు పట్టుకుని, భర్తల కోసం, కొడుకుల కోసం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నిలబడ్డవాళ్ళు. నేనెవరో వాళ్ళకు తెలియదు. అయినా ఆగారు. ఒక చిన్నమ్మాయి, కొత్తగా పెళ్ళైనట్టుంది, వేలు ఫోను మీద పెట్టేసింది. పైడమ్మ వెళ్ళి ఆ ఫోను లాక్కుని తన కొంగులో చుట్టింది. “ఆగే. ఆయమ్మ సెప్పింది కాదేటి,” అంది.

“సార్, ఇప్పుడు?”

“పాతదే... ఉండు. మారింది. రెండు చోట్లా ఒకటే నంబరు.”

“సరిగా చూశారా?”

“సూసినానమ్మా. రెండుసార్లు సూసినాను.”

“ఇక ఈ పేరు అందరికీ పంపమని నూకరాజు గారికి చెప్పండి సార్,” అని, “కొట్టండి,” అన్నాను వాళ్ళతో.

పేజీ తెరుచుకుంది. ఒకరి ఫోనులో, పక్కామె ఫోనులో, ఆ వెనకామె ఫోనులో. ఇంగ్లీషు అక్షరాల్లో బోటు పేరు, ఎదురుగా రేవు పేరు. నేను ఒక్కొక్కరికీ చదివి పెట్టాను. కొందరు ఏమీ మాట్లాడకుండా ఇసుకలో కూలబడిపోయారు. ఒకావిడ నా చెయ్యి పట్టుకుని తన నుదుటికి ఆనించుకుంది. అలాంటివి నా ఉద్యోగంలో ఎన్నడూ జరగలేదు.

పైడమ్మ ఆఖర్న వచ్చింది. బోటు పేరు నూకాలమ్మ తల్లి అంది. పైనుంచి కిందకు చూశాను. మళ్ళీ కిందనుంచి పైకి చూశాను. లేదు.

నా మొహం చూసి ఆవిడకు తెలిసిపోయింది.

“ఇదీ అలాటి నేదేనా అమ్మా?” అంది. “కాసేపాగి అడిగితే ఉంటాదేటి?”

ఇన్నేళ్ళు లేదన్న మాట మీద పనిచేసినదాన్ని. నాకు తెలిసిందే చెప్పాను.

“పైడమ్మా, లేదనటానికి అధికారం ఉండాలి. ఈ లిస్టుకి ఒడ్డుకొచ్చిన బోట్లే తెలుసు. సముద్రంలో ఉన్నవాటి సంగతి దీనికి తెలీదు. తెలీనివాళ్ళు లేదంటే మనం నమ్మక్కర్లేదు.”

ఆవిడ ఫోను తీసుకుని రొంటిన దోపుకుంది. “సరే అయితే. నాను నమ్మను,” అంది.

సాయంత్రాలు

మర్నాడు ఆఫీసులో మా జోన్లన్నిటిలోనూ ఆఖరి అంకె మార్చాను. అనుమతి అడుగుదామని వెళితే సన్యాసిరావు గారే ముందు, “ఆ ఒక్క రోజు లెక్క అన్నిట్లోంచీ తీసీయమ్మా,” అన్నారు. ప్రోగ్రాములో ఇంకో నియమం కూడా చేర్చాను. కొత్త పేరు రెండు సర్వర్లలోనూ చేరాక మాత్రమే, ఇక నలుగురికీ చెప్పుకోవచ్చని కస్టమరుకు కబురు వెళ్ళాలి. ఆయన ఎందుకని అడగలేదు.

సాయంత్రం ఆఫీసు అయ్యాక నా కాళ్ళు వాటంతటవే జాలరిపేట వైపు వెళ్ళాయి. ఆ మర్నాడూ, ఆ తర్వాత కూడా. పైడమ్మ, నేను అరుగు మీద కూర్చుని పేజీ తెరిచేవాళ్ళం. నూకాలమ్మ తల్లి పేరు రాలేదు. మిగతా బోట్లు ఒక్కొక్కటే చేరుతున్నాయి. పేజీని తాజాగా తెప్పించుకోవటం, ‘ఎన్’ అక్షరం గుర్తుపట్టటం ఆవిడకు నేర్పాను. అత్త లోపల పడుకుని ఉండేది. పైడమ్మ నాకు కంచంలో అన్నం పెట్టేది. తను సరిగా తినేది కాదు. ఎర్రయ్య గురించి చెప్పేది. చేపల పులుసులో మామిడికాయ ముక్క వెయ్యకపోతే అలిగే మనిషట. నిద్రలో కూడా అలల లెక్క చెబుతాడట.

“మీ ఇంట్లో ఎవులుంటారమ్మా?” అని ఒకరోజు అడిగింది. అన్నేళ్ళుగా మా మెట్ల మీద కూర్చుంటున్నా ఎప్పుడూ అడగలేదు.

“నేనే,” అన్నాను.

ఆవిడ ఇంకొంచెం అన్నం వేసింది.

ఆ సాయంత్రాలు బాగుండేవని రాయటానికి మనసు ఒప్పుకోవటం లేదు. ఆవిడ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్న రోజులవి. కానీ ఇంటికొచ్చి తలుపు తీస్తే అంతకుముందు కంటే ఇల్లు ఎక్కువ ఖాళీగా అనిపించేది. అప్పటిదాకా అది ఖాళీ అని నాకు అనిపించేది కాదు.

మీకు చెప్పదలుచుకున్నది

ఈ పని ఇప్పుడు చాలావరకు ఎక్కడో పెద్ద కంపెనీల యంత్రాలు చేసేస్తున్నాయి. మీరు రెండు పంక్తులు రాస్తే అవే ఎస్‌ఓఏ తయారుచేసి పెడతాయి. మంచిదే. చేత్తో చేసిన రోజులను నేను పొగడను. ఆ రోజుల్లో ఓడ ఆగింది.

అయితే మీరు ఏ పాత ఫైలునో నకలు చేసినప్పుడు, అందులోని ప్రతి అంకెనూ ఎవరు, ఏ రోజుల్లో, దేనికోసం పెట్టారో కనుక్కోండి. మీ ప్రోగ్రాము లేదని జవాబిచ్చే చోటు ఒకటుంటుంది. అందరూ ఉందన్న జవాబును పదిసార్లు పరీక్షిస్తారు, లేదన్నదాన్ని ఒకసారి చూసి వదిలేస్తారు. ఆ మాట వినేవాళ్ళ దగ్గరకు ఒక్కసారైనా వెళ్ళి నిలబడండి. పై అధికారి మంచివాడైనా తప్పు చెప్పొచ్చు, అప్పుడు వాదించండి. నేను ఒకసారి అడిగి ఊరుకున్నాను. రెండోసారి అడగటానికి తుఫాను రావలసి వచ్చింది.

ఇంకో సంగతి. ఈ పనిలో ఒంటరితనం ఉంది. దానికి నేను మందు కనిపెట్టలేదు. ఉంటుందని తెలిసి రండి, అంతే.

ఎర్రయ్య సంగతి చెప్పాలి. నూకాలమ్మ తల్లి ఇంజను ఆగిపోయి కొట్టుకుపోయింది. వేరే బోటు వాళ్ళు తాడు కట్టి లాక్కెళ్ళి, ఒడిశాలో ఫోన్లు అందని ఒక చిన్న రేవులో దించారు. బోటులోని కలాసీలంతా క్షేమం. లారీలెక్కి, బస్సులెక్కి వచ్చారు. మనుషులు ఇళ్ళకు చేరిన మర్నాటికి గానీ ఆ బోటు పేరు జాబితాలోకి ఎక్కలేదు.

ఆ సాయంత్రం అదేమీ తెలియక ఎప్పటిలాగే వెళ్ళాను. వాకిట్లో చెప్పుల కుప్ప. లోపల నిండా జనం. మధ్యలో ఒకాయన ఎవరిదో వదులు చొక్కా తొడుక్కుని, పెదాలు పగిలి, అన్నం తింటున్నాడు. ముసలామె అతని వీపు మీద చెయ్యి తియ్యకుండా కూర్చుంది. పైడమ్మ వడ్డిస్తోంది. నన్ను చూసి నవ్వింది. ఆవిడ నవ్వటం నేను చూసి చాలా రోజులైంది.

చూశాను కదా, చాలనుకున్నాను. ఆ ఇంట్లో ఇక నాకు పనేమీ లేదు. గుమ్మంలోంచే వెనక్కి తిరిగాను.

“ఎవులే ఆయమ్మ?” అని ఎర్రయ్య అడగటం వినబడింది.

“సుట్టమే,” అంది పైడమ్మ. “నువ్వు నేని రోజుల్లో వొచ్చింది.” తర్వాత నన్ను కేకేసింది. “ఎక్కడికమ్మా ఎల్లిపోతన్నావు? కూకో. కంచమెట్టీసినాను.”

జనం కొంచెం సర్దుకుని చోటిచ్చారు. కూర్చున్నాను.